గంధకం లేకపోతే లేతాకు ఎందుకు పసుపైతాది? క్లోరోఫిల్‌లో గంధకమే లేదు కదా

మడకశిర_పిల్లోడు
అందరికీ నమస్తే. నేను డిగ్రీ సెకండియర్, బీజెడ్‌సీ. మా నాయన చెనక్కాయ వేసినాడు, నెల దాటింది, పైన లేతాకులు పాలిపోయి పసుపుగా వస్తాండాయి, కింద ముదురాకులు మాత్రం పచ్చగానే ఉండాయి. నత్రజని తక్కువైందని ఎవరో చెప్తే యూరియా చల్లినాం, ఇంకా ఎక్కువైంది. వ్యవసాయాఫీసు సారు వచ్చి చూసి ఇది గంధకం లోపం, జిప్సం వేయండి అన్నాడు. సరే వేస్తాం, అది కాదు నా డౌటు. క్లోరోఫిల్ ఫార్ములా మొన్ననే చదివినా, కార్బన్ హైడ్రోజన్ ఆక్సిజన్ నైట్రోజన్, నడిమధ్యలో మెగ్నీషియం, అంతే. గంధకం యాడా లేదు. మరి అందులో లేనిదాని కోసం ఆకు ఎందుకు పసుపైతాది? మా లెక్చరర్‌ని అడిగితే ప్రోటీన్లలో ఉంటుందిలే అన్నాడు. అంతేనా ఇంకేమన్నా ఉందా?

ఎరువులకొట్టు_రాజు
తమ్ముడూ ముందు ఫోటో పెట్టు. సున్నం ఎక్కువున్న నేలల్లో లేతాకు పసుపంటే ఎక్కువగా ఇనుము లోపమే. లీటరు నీళ్లకి 5 గ్రాములు అన్నభేది (ఇనుము సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టండి, తిరుక్కుంటాది. మా దగ్గరికి వచ్చేవాళ్లకి అదే చెప్తా.

హరితరేణువు
రాజు గారి మాట తీసిపారేసేది కాదు, ఇనుము లోపం కూడా లేతాకులోనే మొదట కనబడుద్ది. కాకపోతే తేడా ఉంది. ఇనుము తక్కువైతే ఈనెలు పచ్చగా గీతల్లా నిలిచి వాటి మధ్య భాగం పసుపవుద్ది. గంధకం తక్కువైతే ఈనెలతో సహా ఆకు మొత్తం ఒకే రకంగా పాలిపోద్ది. ఫోటోలో ఈనెలు చూస్తే తెలిసిపోద్ది.

ఇక అసలు డౌటు, చాలా మంచి డౌటు అది. నేను పీహెచ్‌డీ ఈ గంధకం మీదే చేశాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక చేసుకోండి.

వేరు తీసుకునేది గంధకం కాదు, సల్ఫేట్, అంటే గంధకానికి ఆక్సిజన్ తగిలిన రూపం. అది నీళ్లతో పాటు ఆకుదాకా వస్తుంది, ఆకు కణంలో కొంత వాక్యూల్‌లో (కణంలోని నీటి సంచి) దాచిపెడుద్ది, కొంత హరితరేణువులోకి (క్లోరోప్లాస్ట్, క్లోరోఫిల్ ఉండే గది) వెళ్లుద్ది, ఆ పొరలో దాన్ని లోపలికి లాగే ట్రాన్స్‌పోర్టర్లు ఉన్నాయి. అసలు పని మొదలయ్యేది అక్కడే. సల్ఫేట్ మహా మొండి పదార్థం, ఊరికే ఎలక్ట్రాన్లు ఇస్తే తీసుకోదు, అందుకని ముందు ఏటీపీ సల్ఫ్యూరిలేజ్ అనే ఎంజైమ్ ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి దాన్ని ఏపీఎస్‌గా, అంటే ఏటీపీ ముక్క తగిలిన సల్ఫేట్‌గా మారుస్తుంది. తర్వాత ఏపీఎస్ రిడక్టేజ్ గ్లూటాథయోన్ (సిస్టీన్‌తో కట్టిన చిన్న అణువు) దగ్గర్నుంచి 2 ఎలక్ట్రాన్లు తీసుకుని సల్ఫైట్ చేస్తుంది. ఆ పైన సల్ఫైట్ రిడక్టేజ్ ఫెరిడాక్సిన్ (ఎలక్ట్రాన్లు మోసే చిన్న ప్రోటీన్) దగ్గర్నుంచి 6 ఎలక్ట్రాన్లు తీసుకుని సల్ఫైడ్ చేస్తుంది. మొత్తం 8. ఫెరిడాక్సిన్‌కి ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడివి? సూర్యకాంతివి, హరితరేణువులో వెలుతురుని పట్టే ఫొటోసిస్టమ్ 1 నుంచి వచ్చేవి. అంటే కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెర చేసే అదే వెలుతురు గంధకాన్ని కూడా వాడకంలోకి తెస్తోంది. ఈ రిడక్షన్ (ఎలక్ట్రాన్లు ఎక్కించే పని) మొత్తం హరితరేణువులోనే, లేదా వేరులో ఉండే రంగులేని ప్లాస్టిడ్లలో జరుగుద్ది, కణంలో ఇంకెక్కడా జరగదు. వేరులో వెలుతురు ఉండదు కాబట్టి అక్కడ చక్కెరల్ని కాల్చి తెచ్చుకున్న ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఫెరిడాక్సిన్‌కి ఎలక్ట్రాన్లు అందుతాయి.

ఇప్పుడు క్లోరోఫిల్ సంగతి. క్లోరోఫిల్ అణువులో గంధకం లేదు, నిజమే. కానీ దాన్ని కట్టే దారిలో ఒక మెట్టు ఉంది, మెగ్నీషియం కూర్చోబెట్టిన వెంటనే ఆ రింగ్‌కి ఒక మిథైల్ గుంపు తగిలించాలి, అది ఇచ్చేది ఎస్-ఎడినోసిల్ మిథియోనిన్, పొట్టిగా సామ్. పేరులో ఎస్ అంటేనే సల్ఫర్. మిథియోనిన్ అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లం, అది లేనిదే సామ్ లేదు, సామ్ లేనిదే ఆ మెట్టు కదలదు. ఇది ఒకటే కారణం అనుకోకండి, దీనికన్నా పెద్దది ఇంకోటి ఉంది. క్లోరోఫిల్‌ని విడిగా వదిలేస్తే వెలుతురుకి ఆకుని కాల్చేస్తుంది, అందుకని దాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్లు తగినన్ని లేకపోతే మొక్క క్లోరోఫిల్ తయారీనే తగ్గించేస్తుంది. ఆ ప్రోటీన్లు కట్టాలంటే మిథియోనిన్, సిస్టీన్ కావాలి, రెండూ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలే. మీ లెక్చరర్ గారు చెప్పింది ఈ ముక్కే, కాకపోతే సగంలో ఆపేశారు.

ఇంకా ఇనుము-గంధకం గుత్తులు ఉన్నాయి. ఫొటోసిస్టమ్ 1 ఒక్కదాంట్లోనే నాలుగు ఇనుము నాలుగు గంధకం పరమాణువులున్న గుత్తులు 3 ఉంటాయి. ఫెరిడాక్సిన్‌లో రెండు రెండు ఉన్న గుత్తి ఒకటి. వీటిని హరితరేణువు తన లోపలే, సిస్టీన్ నుంచి గంధకం ఊడదీసి కట్టుకుంటుంది. అందుకే ఇనుము లోపం, గంధకం లోపం రెండూ లేతాకు పసుపులోనే తేలుతున్నాయంటే ఆశ్చర్యం లేదు.

వరంగల్_మల్లేశ్
అన్నా జర ఆగు. సల్ఫైట్ రిడక్టేజ్ పనిచెయ్యాలంటే ఫెరిడాక్సిన్ కావాలె, ఫెరిడాక్సిన్‌ల మళ్ల గంధకం ఉండాలె. అంటే గంధకం తయారు చేసుకునుడానికి ముందే గంధకం ఉండాలె. గిదేం లెక్క?

హరితరేణువు
మల్లేశ్ గారు సరైన చోట పట్టుకున్నారు. ఇంకా చెప్పాలంటే మీరనుకున్న దానికన్నా ఘోరంగా ఉంటుంది. సల్ఫైట్ రిడక్టేజ్‌లోనే ఒక ఇనుము-గంధకం గుత్తి ఉంది, దాని పక్కనే సైరోహీమ్ అనే ఇంకో రింగ్ ఉంది. ఆ సైరోహీమ్ క్లోరోఫిల్‌కి దాయాది, ఇద్దరిదీ ఒకే మూలపదార్థం, యూరోపార్ఫిరినోజెన్ 3 దగ్గర దారులు చీలతాయి. సైరోహీమ్ దారిలో కూడా మిథైల్ గుంపులు కావాలి, అదీ సామ్ ఇవ్వాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి ఆ పెట్టెకే తాళం వేసినట్టు ఉంటుంది వ్యవహారం. మరి మొలక మొదట్లో ఎలా బతుకుతుంది అంటే, గింజలో తల్లిమొక్క దాచిపెట్టిన ప్రోటీన్లలో ఉన్న గంధకంతో మొదటి ఎంజైములు కట్టుకుంటుంది, ఆ పెట్టుబడితో సొంత సరుకు తయారు చేసుకుంటుంది. అరబిడాప్సిస్‌లో (ప్రయోగాలకి వాడే చిన్న మొక్క) సల్ఫైట్ రిడక్టేజ్‌కి ఉన్నది ఒకే ఒక జీన్. దాన్ని పూర్తిగా పాడుచేస్తే మొలక దశలోనే చచ్చిపోతుంది, కొంచెం తగ్గిస్తే బతుకుతుంది కానీ గిడసబారి ఉంటుంది.

ఇదే సైరోహీమ్ నైట్రైట్ రిడక్టేజ్‌లో కూడా ఉంటుంది, అదీ హరితరేణువులోనే, దానికీ ఫెరిడాక్సిన్ నుంచి 6 ఎలక్ట్రాన్లే. నత్రజని, గంధకం రెండూ ఒకే ఇంట్లో ఒకే కంచంలో తింటాయి కాబట్టి ఒకటి తగ్గితే రెండోది కూడా దెబ్బతింటుంది.

బాటనీ_మాస్టారు_భీమవరం
చాలా బాగా చెప్పారండీ. ఏటీపీ అన్నారు కాబట్టి ఊరుకోలేక ఒక్క మాట, ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు గార్లు. పిల్లలకి చెప్పడం మానేశాం ఇవన్నీ.

విషయానికొస్తే, సల్ఫైడ్ దాకా వచ్చాక ఎసిటైల్ సెరిన్ అనే అమైనో ఆమ్లం రూపంతో కలిసి సిస్టీన్ అవుతుంది కదా, అది కూడా హరితరేణువులోనే అవుతుంది. మా రోజుల్లో అలానే చెప్పేవాళ్లం. కాబట్టి హరితరేణువు దెబ్బతింటే కణం మొత్తానికి సిస్టీన్ ఉండదు, అదీ కారణం.

సీసీఎంబీ_దగ్గర_టీకొట్టు
మాస్టారూ, నమస్తే. సుబ్బారావు గారి మాటకి వంద లైకులు. సిస్టీన్ విషయంలో మాత్రం కొంచెం మారింది. సిస్టీన్ కట్టే ఎంజైములు హరితరేణువులో, సైటోసోల్‌లో, (కణంలోని ద్రవం) మైటోకాండ్రియాలో మూడు చోట్లా ఉన్నాయి. అరబిడాప్సిస్‌లో ఒక్కోచోట ఒక్కోటి తీసేసి చూశారు. ఎసిటైల్ సెరిన్ ఎక్కువభాగం మైటోకాండ్రియాలో తయారవుతోంది, సిస్టీన్ ఎక్కువభాగం సైటోసోల్‌లో అవుతోంది, హరితరేణువులో ఉన్న ఆ ఎంజైమ్ తీసేసినా మొక్కకి పెద్దగా నష్టం కనబడలేదు. హరితరేణువు సల్ఫైడ్ చేస్తుంది, అది బయటికి పోతుంది. గుత్తగా దాని చేతిలో ఉన్నది సల్ఫేట్‌ని సల్ఫైడ్ చెయ్యడం, ఆ తర్వాతది ఉమ్మడి వ్యవసాయం. గ్లూటాథయోన్ మొదటి మెట్టు మాత్రం అరబిడాప్సిస్‌లో మళ్లీ హరితరేణువులోనే.

బాటనీ_మాస్టారు_భీమవరం
మూడు చోట్లా ఉన్నాయన్నది విన్నానండీ. కానీ పరీక్షలో పిల్లాడు ప్లాస్టిడ్ అని రాస్తే మార్కు వేస్తాను, వెయ్యను అని చెప్పలేను. సిలబస్ అలా ఉంది మరి.

మడకశిర_పిల్లోడు
ఈనెలు కూడా పసుపే అప్పా, ఇప్పుడే పోయి చూసొచ్చినా. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, కింద ముదురాకుల్లో గంధకం ఉంది కదా, అది పైకి పంపొచ్చు కదా, నత్రజని అయితే అట్లే పంపుతాది, అందుకే ముదురాకు ముందు పండుతాదని చదివినాం. రెండు, యూరియా వేస్తే ఇంకా ఎందుకు ఎక్కువైంది?

సీసీఎంబీ_దగ్గర_టీకొట్టు
మొదటిదానికి: ముదురాకులో గంధకం రెండు రకాలుగా ఉంటుంది, వాక్యూల్‌లో సల్ఫేట్‌గా కొంత, ప్రోటీన్లలో సిస్టీన్ మిథియోనిన్‌గా చాలా. వాక్యూల్‌లోది బయటికి రావడం నిదానం. ప్రోటీన్లలోది రావాలంటే ఆ ప్రోటీన్లు కరగాలి. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకు ప్రోటీన్లని కరిగించి పైకి పంపుతుంది, అప్పుడు వాటితో పాటు గంధకం కూడా పోతుంది. కానీ నత్రజని నిండుగా ఉండి గంధకం ఒక్కటే తక్కువైతే ఆ కరిగించే పని సరిగ్గా జరగదు. అందుకే ముదురాకు పచ్చగా కూర్చుంటుంది, లేతాకు పస్తుంటుంది.

రెండోదానికి జవాబు ఇందులోనే ఉంది చూడండి. మీరు యూరియా వేసి నత్రజని ఇంకా నింపారు. మొక్క కొత్త ఆకులు వేసింది, ఉన్న కాస్త గంధకం ఎక్కువ ఆకులకి పంచాల్సి వచ్చింది, పైగా ముదురాకుని కరిగించాల్సిన అవసరం లేకుండా పోయింది. ప్రోటీన్ కట్టడానికి వీల్లేని నత్రజని ఆస్పరజిన్, ఆర్జినిన్ లాంటి వాటిగా పోగుపడుతుంది. ఆకు ప్రోటీన్లో నత్రజని గంధకం నిష్పత్తి ఇంచుమించు 15కి 1, ఆ ఒక్కటి లేకపోతే ఆ పదిహేనూ వృథా. పొలంలో దీన్ని నత్రజని లోపం అనుకుని మళ్లీ మళ్లీ యూరియా వెయ్యడం చాలాచోట్ల జరిగేదే.

వరంగల్_మల్లేశ్
మా దిక్కు కూడ గట్లనే. వెనకట సూపర్ ఏస్తుండె, ఇప్పుడు అందరు డీఏపీ. డీఏపీల గంధకం ఉండదు గద.

ఎరువులకొట్టు_రాజు
ఉండదు. సింగిల్ సూపర్‌లో 11 శాతం దాకా ఉంటుంది, అమ్మోనియం సల్ఫేట్‌లో 23 దాకా. ఇప్పుడు రైతులు ఎక్కువగా అడిగేది ఇరవై ఇరవై సున్నా పదమూడు, ఆ చివరి పదమూడే గంధకం, చాలామందికి అది తెలియకుండానే వేస్తున్నారు. బస్తా బరువు తక్కువ పోషకం ఎక్కువ అని డీఏపీకి మళ్లినాక ఊరికే వచ్చే గంధకం ఆగిపోయింది, అది ఒప్పుకోవాల్సిందే.

హరితరేణువు
పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు మెట్ట పొలాల్లో మట్టి పరీక్షలు చేసినప్పుడు గంధకం, బోరాన్, జింక్ మూడూ విరివిగా తక్కువున్నాయని తేల్చారు. ఎన్‌పీకే అని మూడక్షరాలు బట్టీపట్టించి నాలుగోదాన్ని మర్చిపోయాం, నా కోపం అదే.

అట్లాంటా_వదిన
సైన్స్ నాకంతగా తెలీదు గానీ మా జార్జియాలో వైడాలియా ఉల్లి అని దొరుకుతుంది, పచ్చిది కొరికినా ఘాటుండదు. ఆ నేలల్లో గంధకం తక్కువ కాబట్టే అలా అని ఇక్కడ అందరూ చెప్తారు. ఉల్లిపాయ పులుసు పెడితే బెల్లం వెయ్యక్కర్లేదు, కానీ పెరుగన్నంలో నంజుకుంటే అసలు ఉల్లిపాయ తిన్నట్టే ఉండదు. కర్నూలు ఉల్లి తెప్పించుకునే దారి ఉంటే చెప్పండి బాబూ.

సీసీఎంబీ_దగ్గర_టీకొట్టు
వదినా అది నిజమే. ఉల్లి కన్నీళ్లు పెట్టించే వాయువు గ్లూటాథయోన్, సిస్టీన్ల దారిలోంచి వచ్చిందే. ఆకులో హరితరేణువు రిడ్యూస్ చేసిన గంధకమే గడ్డలోకి దిగి, మీరు కత్తి పెట్టగానే ఎంజైమ్ తగిలి వాయువవుతుంది. నేలలో సల్ఫేట్ తక్కువైతే మొక్క ముందు బతుకుతెరువు చూసుకుంటుంది, ఘాటుకి మిగలదు. ఆవాల ఘాటు కూడా గంధకమే, కాకపోతే అందులో కొంత భాగం సల్ఫైడ్ దాకా పోకుండా ఏపీఎస్ దగ్గరే పక్కదారి పట్టి, ఇంకో ఫాస్ఫేట్ తగిలి పీఏపీఎస్ అయి చేరుతుంది.

డ్యూసెల్‌డార్ఫ్_శీను
ఆవాలంటే గుర్తొచ్చింది, నేనిక్కడ జర్మనీలో వ్యవసాయ కంపెనీలో పనిచేస్తా. ఇక్కడ ఆవాల చుట్టం ఒకటి రేప్‌సీడ్ అని ఎకరాలకెకరాలు పసుపు పూలతో ఉంటుంది. గంధకం బాగా తక్కువైన చేలో ఆ పూలు తెల్లగా పూస్తాయి, దూరం నుంచే తెలిసిపోతుంది. ఈ లోపం ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నది కాదు. బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పోయి పోయి పొలాలకి ఊరికే గంధకం పడేది. 1980ల్లో ఆమ్లవర్షాలకి అడవులు ఎండిపోతున్నాయని గోల లేచి పొగని కడిగే యంత్రాలు పెట్టారు, గాలి శుభ్రమైంది, ఆ తర్వాత చేలల్లో గంధకం లోపం బయటపడింది. ఇంగ్లండ్‌లో కూడా అదే కథ. ఇంకో తమాషా, సున్నపురాయితో పొగని కడిగితే మిగిలేది జిప్సమే.

వరంగల్_మల్లేశ్
గట్లయితే ఇక్కడ పొగ ఉంటెనే పంటకి మంచిదా? మన దిక్కు థర్మల్ ప్లాంట్లకి గా యంత్రాలు పెట్టాలని 2015ల రూల్ తెచ్చి గడువులు జరుపుకుంట పోయి, 2025ల చానా ప్లాంట్లకి మినహాయింపు ఇచ్చిన్రు, పోనీ మంచిదే అంటవా?

హరితరేణువు
అయ్యో వద్దు మల్లేశ్ గారూ. సల్ఫర్ డయాక్సైడ్ స్టొమేటాల్లోంచి (ఆకు రంధ్రాల్లోంచి) లోపలికి వెళ్లి తడిలో సల్ఫైట్ అవుద్ది. ఆ సల్ఫైట్‌ని హరితరేణువు కొంతవరకే సల్ఫైడ్ చేసి వాడుకోగలదు, మిగిలింది విషం, ఆకులు మచ్చలు పడి మాడతాయి. దీనికి మొక్క దగ్గర ఇంకో రక్షణ ఉంది, సల్ఫైట్ ఆక్సిడేజ్ అని మాలిబ్డినం ఉన్న ఎంజైమ్, అది సల్ఫైట్‌ని తిరిగి సల్ఫేట్ చేసేస్తుంది. అది ఉండేది పెరాక్సిజోమ్‌లో, కణంలో అదొక వేరే గది. ఎందుకు అక్కడ అంటే, హరితరేణువులోనే ఉంటే ఒక ఎంజైమ్ కష్టపడి సల్ఫైట్ చెయ్యడం, పక్కది దాన్ని మళ్లీ సల్ఫేట్ చెయ్యడం, రోజంతా ఏటీపీ తగలేసుకుంటూ అక్కడక్కడే తిరగాల్సి వచ్చేది. వేరే గదిలో పెట్టడం వల్ల అవసరమైన సల్ఫైట్ జోలికి పోదు, గోడ దాటి వచ్చిన ఎక్కువదాన్నే పట్టుకుంటుంది. పొలానికి గంధకం కావాలంటే బస్తాలో ఇవ్వాలి, పిల్లల ఊపిరితిత్తుల మీదుగా కాదు.

సీసీఎంబీ_దగ్గర_టీకొట్టు
ఇంత చెప్పి సల్ఫోలిపిడ్ మాట ఎవరూ ఎత్తలేదు. మొక్క కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెర చేసే కాల్విన్ బెన్సన్ చక్రం పేరులో ఉన్న ఆ ఆండ్రూ బెన్సనే 1959లో దీన్ని బయటపెట్టాడు. హరితరేణువు లోపల క్లోరోఫిల్ ఉండే థైలకాయిడ్ పొరలో ఉండే కొవ్వు, దాని తలకాయ గంధకం తగిలించిన చక్కెర. దాని తయారీకి సల్ఫైడ్ దాకా పోనక్కర్లేదు, మధ్యలో ఉన్న సల్ఫైట్‌నే హరితరేణువు వాడేస్తుంది. నాకు ఇందులో నచ్చేదేంటంటే, భాస్వరం తక్కువైన నేలలో మొక్క థైలకాయిడ్‌లో భాస్వరం ఉన్న కొవ్వుని తగ్గించుకుని దాని చోట ఈ గంధకం కొవ్వుని పెంచుకుంటుంది. రెండింటికీ రుణావేశమే కాబట్టి పొరకి పెద్ద తేడా రాదు, మిగిలిన భాస్వరం డీఎన్‌ఏకీ ఏటీపీకీ పనికొస్తుంది. గంధకం తక్కువైతే తిరగేసి చేస్తుంది. ఇలాంటి సర్దుబాటు తెలివి మన ఎరువుల లెక్కల్లో ఎక్కడా కనబడదు.

మక్కజొన్న_మానస
నేను మొక్కజొన్న మీద ఎమ్మెస్సీ చేస్తున్నా. మీరందరూ ఆకులో ఏ హరితరేణువైనా ఒకటే అన్నట్టు చెప్తున్నారు, మొక్కజొన్నలో అలా కాదు. ఏటీపీ సల్ఫ్యూరిలేజ్, ఏపీఎస్ రిడక్టేజ్ రెండూ దాదాపు పూర్తిగా ఈనెల చుట్టూ ఉండే బండిల్ షీత్ కణాల్లోనే ఉంటాయి, మీసోఫిల్‌లో (ఆకులోని మిగతా పచ్చ కణాల్లో) ఉండవు. సిస్టీన్ అక్కడ తయారై మీసోఫిల్‌కి నడిచి వెళ్లి అక్కడ ఎక్కువగా గ్లూటాథయోన్ అవుతుంది. చలికి మొక్కజొన్న తట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చని కొందరంటారు, గ్లూటాథయోన్ ఒకచోట, దాని ముడిసరుకు ఒకచోట కాబట్టి. ఇంకోటి, ఏపీఎస్ రిడక్టేజ్ పగలు పెరిగి రాత్రి తగ్గుతుంది, కాబట్టి శాంపిల్ ఎప్పుడు కోశామన్నది రాయకపోతే ఆ డేటా దేనికీ పనికిరాదు, ఈ ఒక్క విషయంలో మా గైడ్ చేతిలో నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ఎరువులకొట్టు_రాజు
సరే అందరికీ దండం, నా కొట్టు ప్రశ్న ఒకటి. బూడిద తెగులుకి కొట్టే నీళ్లలో కరిగే గంధకం పొడి ఉంది కదా, అదే ఆకుల మీద కొడితే ఈ లోపం పోదా? ఇంకా 2023లో వచ్చిన గంధకం పూత యూరియా, 37 శాతం నత్రజని 17 శాతం గంధకం అని, అది ఈ పిల్లోడికి పనికొస్తుందా?

హరితరేణువు
ఆ పొడి నిజానికి నీళ్లలో కరగదు రాజు గారూ, తేలుతుందంతే, అది మూలక గంధకం. పైన చెప్పిన దారి అంతా సల్ఫేట్‌తో మొదలవుతుంది, మూలక గంధకాన్ని వేరు తీసుకోలేదు. నేలలో థయోబాసిల్లస్ లాంటి బాక్టీరియా దాన్ని సల్ఫేట్ చేశాకే పనికొస్తుంది, దానికి తేమ కావాలి, వారాలు పడుద్ది. ఎండ ముదిరినప్పుడు ఆకు మీద కొడితే మాడిపోయే ప్రమాదం కూడా ఉంది. యూరియా మీద పూత కూడా మూలక గంధకమే కాబట్టి పంట వేసేటప్పుడు వేసుకుంటే సరే, ఇప్పుడు పసుపెక్కిన చేనుకి ఆలస్యం. పైగా ఈ చేనుకి ఇంకా నత్రజని ఎందుకు.

చెనక్కాయకి జిప్సమే సరైంది. అందులో గంధకం 18 శాతం దాకా ఉంటుంది, అదీ సల్ఫేట్ రూపంలో, కరిగిన వెంటనే వేరుకి అందుద్ది. కాల్షియం 23 శాతం దాకా ఉంటుంది, ఊడ నేలలోకి దిగాక కాయకి కావాల్సిన కాల్షియం వేరు నుంచి రాదు, చుట్టూ ఉన్న మట్టిలోంచి కాయే నేరుగా పీల్చుకోవాలి, కాబట్టి ఒక్క ఖర్చుకి రెండు పనులు. ఎకరాకి 200 కిలోలు, పూత మొదలయ్యాక ఊడలు దిగేలోపు, మొక్కల మొదళ్ల దగ్గర సాళ్లలో వేసి మట్టి ఎగదొయ్యాలి.

మడకశిర_పిల్లోడు
మాది ఎర్ర ఇసుక నేల. ఒకేసారి మొత్తం వేసి పెద్ద వాన పడితే కొట్టుకుపోతాదా?

హరితరేణువు
సల్ఫేట్ రుణావేశం, మట్టి కూడా రుణావేశమే కాబట్టి పట్టి ఉంచదు, ఇసుక నేలలో పెద్ద వానకి కిందికి దిగిపోద్ది. అయితే జిప్సం నిదానంగా కరుగుద్ది కాబట్టి అమ్మోనియం సల్ఫేట్ అంత తొందరగా పోదు. తుఫాను హెచ్చరిక ఉంటే నాలుగు రోజులు ఆగి వెయ్యండి, పదునున్నప్పుడు. ఒకేసారి వేసినా పర్లేదు. పసుపెక్కిన ఆకులు మళ్లీ పూర్తిగా పచ్చబడతాయని చూడొద్దు, ఆ తర్వాత వచ్చే చిగుళ్లని చూడండి.